తాడు ముందటి పేరు

శివమ్మది రావల్‌కోల్‌లో కూరగాయలు పండించే ఇల్లు. షామీర్‌పేట దిక్కున్న పై ఊరికి, చేపలు పట్టే ఎల్లేష్ పెళ్లాంగా వచ్చిన కొత్తలో చేప వాసనకే ఆమె ముక్కు మూసుకునేది. నెల తిరక్కుండానే రవ్వ చేప పొలుసు గీకడంలో అత్తను మించిపోయింది. ఏ పనైనా ఆమెకు నెల రోజులు చాలు. మొగుణ్ణి మళ్లీ చెరువు దగ్గరికి తేవడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది.

పై ఊరికీ కింది ఊరికీ చెరువు ఒక్కటే. వెనకటికి రెండు ఊళ్లవాళ్లూ కలిసి పెద్దవల వేసేవాళ్లు. సగం చెరువును చుట్టే ఆ వలకు రెండు తాళ్లు, ఊరికొకటి, తాడుకు ఇరవై మంది. కట్ట మీద ఒకడు నిలబడి, ఏ తాడు లాగాలో ఆ తాడు ముందటి మనిషిని పేరు పెట్టి పిలిచేవాడు. పిలుపు తప్పితే వల ఒరిగిపోతుంది, చేపలు జారిపోతాయి. ఆ పిలిచే గొంతు ఎల్లేష్‌ది. కింది ఊరి తాడుకు ముందుండేది మొగులయ్య.

ఒక ఎండాకాలం నీళ్లు అడుగంటాయి. మిగిలిన మడుగు మాదంటే మాదని కర్రలు లేచాయి. కింది ఊరివాళ్లలో ఇద్దరి తలలు పగిలాయి. మొగులయ్య తెడ్డు దెబ్బకు ఎల్లేష్ కుడి మణికట్టు విరిగింది, మళ్లీ సరిగ్గా అతకలేదు. కేసులయ్యాయి. శాంతి కమిటీ మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ చాయ్ తాగి, ఫొటో దిగి లేచిపోయింది. ఎల్లేష్ చెరువు మొహం చూడటం మానేశాడు. మొగులయ్య పేరు ఎవరైనా ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. రెండు ఊళ్లవాళ్లూ చిన్న వలలతో ఎదగని చేపల్ని పట్టి అగ్గువకు అమ్ముకుంటూ, ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటూ బతికారు. పని తగ్గింది కదా, పళ్లు నూరడానికి తీరిక బాగానే దొరికింది.

శివమ్మ పేట్ బషీరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల సందు మొదట్లో కూర్చుని చేపలు అమ్మేది. ఒకనాడు ఆ పక్కనే హోటల్ నడిపే పద్మలత వచ్చి ఆగింది.

"ప్రతి ఆదివారం రెండు క్వింటాళ్లు కావాలి శివమ్మా. ఒక్కోటి రెండు కిలోలకు తగ్గొద్దు. నీతో కాదంటే లారీ చేపలే తెప్పించుకుంటా."

"తెస్త మేడం."

ఎక్కడి నుంచి తెస్తుందో అప్పటికి ఆమెకే తెలియదు. బస్సు దిగేలోపు తెలిసింది. ఇంటికి పోకుండా, ఖాళీ తట్టతో కట్ట దాటి నేరుగా మొగులయ్య వాకిట్లోకి నడిచింది. కొట్లాటయ్యాక ఈ నాలుగేళ్లలో అట్లా కట్ట దాటిన మొదటి మనిషి ఆమే. మొగులయ్య కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"పెద్దవల మా ఇంట్ల ఉన్నది. సగం మంది మనుషులు మీ కాడ ఉన్నరు. ఐతారం పొద్దుగాల రాండ్రి. వారం వారం అందరికి పని దొరుకుతది."

మొగులయ్య నేల చూపులు చూశాడు. "అన్న ఏమంటడో, వదినె?"

"అన్న సంగతి నేను జూస్కుంట."

ఇంట్లో ఎల్లేష్ మండిపడ్డాడు. "నా చెయ్యి ఇరగ్గొట్టినోనితోటి పొత్తా?"

"నీ చెయ్యి సంగతి నాకు యాదికి లేదా? రోజు అన్నం గలిపి పెట్టేది నేనే గద. నిన్ను తాడు వట్టమంటలేను. వచ్చి కట్ట మీద కూసో, సాలు."

ఆదివారం పొద్దున నలభై మంది నీళ్లలోకి దిగారు. ఎల్లేష్ వచ్చి కట్ట మీద ఓ పక్కగా కూర్చున్నాడు. పై ఊరి తాడుకు మల్లేష్ ముందున్నాడు. ఎల్లేష్ పిలవకపోయేసరికి ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు లాగారు. వల ఒరిగింది. పెద్ద పెద్ద బొచ్చె చేపలు ఎగిరి దూకి పోయాయి. మీరు తొందరపడ్డారంటే మీరే అని గొంతులు లేచాయి. శివమ్మకు భయం పట్టుకుంది. పోయిన చేపల గురించి కాదు. ఇవాళ విడిపోతే ఈ మనుషులు మళ్లీ కలవరు, ఎల్లేష్ మళ్లీ ఈ కట్ట ఎక్కడు.

మొగులయ్య తాడు వదిలేసి, తడి బట్టలతోనే కట్టెక్కి ఎల్లేష్ ముందు నిలబడ్డాడు.

"నీ చెయ్యి నేనే ఇరగ్గొట్టిన అన్నా. తప్పైంది. నువ్వు పిలువకుంటె గీ వల కదలది."

ఎల్లేష్ చూపు ఒరిగిన వల మీదే ఉంది. మొగులయ్య మళ్లీ నీళ్లలోకి దిగి తాడందుకున్నాడు. శివమ్మ తట్టలు సర్దుతూ ఉండిపోయింది. వంకరగా లాగుతున్న తాడును చూస్తూ ఈ మనిషి ఊరుకోలేడని ఆమెకు తెలుసు.

ఎల్లేష్ లేచాడు.

"మల్లేషూ..."

పై ఊరి తాడు కదిలింది. వల ఒక పక్కకు వంగింది. ఇక రెండో పేరు పిలవాలి. అందరూ ఆగి కట్ట వైపు చూశారు. ఎల్లేష్ గొంతు సవరించుకున్నాడు. వంకరబోయిన చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"మొగులయ్యా..."

కింది ఊరి తాడు కదిలింది. శివమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, తట్టలెత్తుకుని నీళ్ల దగ్గరికి దిగింది.