ఎనిమిదో ఎక్కం

మా ఆఫీసులో ఒకాయన ఉండేవారు. ఏ వేగాన్నీ దాని మానాన దాన్ని బతకనిచ్చేవారు కాదు. కుళాయి ధార కానీ, లిఫ్టు కానీ, బ్యాంకు కౌంటరు ముందు క్యూ కానీ, కంటపడితే చాలు. అది ఏ పాత కంప్యూటర్ డిస్కు కేబులుకో, ఏ పాత టెలిఫోన్ లైనుకో సమానమని తేల్చేదాకా ఆయనకు అన్నం సయించేది కాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. టెలిఫోన్ లైన్లవాళ్లు వేగాన్ని బిట్లలో చెబుతారు, డిస్కులవాళ్లు బైట్లలో చెబుతారు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. ఈ రెండు తెగలవాళ్లూ ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే ఉద్యోగాలు చేసి రిటైరైపోతారు. మధ్యలో ఈయన నిలబడి, ఎనిమిదితో భాగించావా అని దారిన పోయేవాళ్లందరినీ అడిగేవారు. అందుకే మేం ఆయనకు ఎనిమిదో ఎక్కం అని పేరు పెట్టాం. పదిహేడో ఎక్కం కాదు కదా అని ఆయన సరిపెట్టుకున్నారు.

ఒకసారి వాళ్ల పక్కింటాయన కొత్త ఇంటర్నెట్ పెట్టించుకుని, వంద స్పీడండీ అని గొప్పగా చెప్పాడు.

"వంద ఏమిటి? బిట్లా, బైట్లా?"

"ఏదో వందండీ."

"బిట్లే అయ్యుంటాయి. ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర. మా ఆఫీసు హాల్లో మూల పడేసిన పాత డిస్కు కేబులు ముప్పై మూడు ఇస్తుంది."

పక్కింటాయన ఆ తర్వాత వీళ్లింటి వైపు కిటికీ తెరవలేదు. ఎనిమిదో ఎక్కం గారి భార్య మాత్రం దేనికీ లొంగేది కాదు. నీ మాటలు డిస్కు వేగంతో వస్తున్నాయి, నా చెవి టెలిఫోన్ లైనే అని ఆయనంటే, అయితే తెల్లారేదాకా వినండి అని ఆవిడ మొదటినుంచీ మళ్లీ అందుకునేది.

మా హాలు భవనం అడుగు అంతస్తులో ఉండేది. నిండా పాత డిస్కుల బీరువాలు. నేను అక్కడ కరెంటూ ఏసీలూ చూసేవాణ్ణి. మేమంతా ఒకే కుటుంబమని కంపెనీ ఏటా మీటింగు పెట్టి చెప్పేది. ఆ ఏడు చెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నెల తిరక్కుండానే కబురు తెలిసింది. డిస్కుల్లో ఉన్నదంతా లైను మీద కొత్త భవనానికి పంపేసి, హాలుకు తాళం వేస్తారట. తాళం పడ్డ రోజే మాకు ఆఖరు రోజు. కొత్త భవనంలో మా హాలునుంచి ఒక్కరికే కుర్చీ ఉందన్నారు. డిస్కూ లైనూ రెండూ తెలిసిన మనిషి కాబట్టి అది ఎనిమిదో ఎక్కం గారిదే.

సరిగ్గా అప్పుడే మా ఆవిడకు గుండెలో కవాటం మార్చాలన్నారు. మనిషి బాగా నీరసంగా ఉంది, నాలుగు నెలలు ఆగి ఆపరేషన్ చేస్తామన్నారు. నాకు ఉద్యోగం ఉన్నంతవరకే కంపెనీ వైద్య బీమా. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పుకోలేక, ఆయన దగ్గర వెళ్లబోసుకున్నాను. అయ్యో పాపం అని కూడా అనలేదు. ఆపరేషన్ ఎప్పుడని అడిగి, పైకప్పుకేసి చూస్తూ పెదాలు కదపడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మనిషి ప్రాణం గురించి చెబుతుంటే, ఈయన దానికీ ఏదో లైను వెతుకుతున్నారనుకుని లేచి వచ్చేశాను.

మర్నాడు మేనేజరు అందరినీ కూర్చోబెట్టి, డేటా మొత్తం వెళ్లడానికి ఎంతకాలం పడుతుందని ఆయన్ని అడిగాడు. ఆరు నెలలన్నారాయన. మేనేజరుకు లెక్కలు రావు, రావన్న సంగతి పైవాళ్లకు తెలియకూడదు. కాబట్టి తల పంకించి, ఆ తేదీనే పైకి రాసి పంపి, అదే తేదీతో మాకు నోటీసులు ఇచ్చాడు. నోటీసు చేతికొస్తే సంతోషించిన మనిషిని నేనొక్కణ్ణే.

డేటా మూడు వారాల్లో వెళ్లిపోయింది.

మేనేజరు హాలు అదిరిపోయేలా అరిచాడు. ఆయన తల గోక్కుని, లైను వేగాన్ని ఎనిమిదితో రెండుసార్లు భాగించేశాను సార్, వయసు మీద పడింది అన్నారు. ఇక చూడండి, ఆఫీసంతా ఒకటే నవ్వులు. జన్మంతా లోకానికి ఎనిమిదో ఎక్కం అప్పజెప్పినవాడు అందులోనే తప్పాడని క్యాంటీన్‌లో కథలు కథలుగా చెప్పుకున్నారు. తను చూసుకోకుండా సంతకం పెట్టానని పైవాళ్లకు చెప్పుకోవడం కన్నా, మమ్మల్ని ఆరు నెలలూ ఖాళీ హాల్లో కూర్చోబెట్టి జీతాలివ్వడమే మేనేజరుకు నయమనిపించింది. కసి మాత్రం ఆయన మీద తీర్చుకున్నాడు. కొత్త భవనంలో కుర్చీ ఇంకెవరికో ఇచ్చి, ఈయన్ని గేటు దగ్గర వచ్చేపోయేవాళ్లకు బ్యాడ్జీలిచ్చే బల్ల ముందు కూర్చోబెట్టాడు. క్యాంటీన్‌లో నవ్విన ఆ పెద్దమనుషుల ముఖాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

ఆ బల్ల దగ్గరికే వెళ్లి అడిగాను. "గురువుగారూ, మీరు ఎనిమిది దగ్గర తప్పడమేమిటి?"

"తప్పలేదు నాయనా. ఒకసారి భాగిస్తే మీ ఆవిడ తేదీ దాకా రాలేదు. ఇంకోసారి భాగించాను, వచ్చింది."

"మరి మీ కుర్చీ? మీ పేరు?"

"ఎవరితోనూ అనకు. తేదీ మార్చేస్తారు." అని ఎవరికో బ్యాడ్జీ అందించి, ఈ గేటు పాత మోడెమ్ కన్నా నెమ్మది అని నాకు వివరించడం మొదలుపెట్టారు.

ఆపరేషన్ అనుకున్న రోజుకే జరిగింది. నడవగలిగాక మా ఆవిడ పట్టుబట్టి, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. కృతజ్ఞతలు చెప్పబోతే ఆయన కంగారుపడి మాట మార్చేసి, డిస్కు వేగాన్ని లైను వేగంలోకి మార్చే పద్ధతి మొదలుపెట్టారు. ఆయన భార్య తలుపు వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఆవిడ మాత్రం కదలకుండా గంటసేపు కూర్చుని మొత్తం విన్నది. ఒక్క ముక్క అర్థం కాలేదట. ఇంకోసారి చెప్పండన్నయ్యగారూ అంది.