పెరుగు కప్పు

ఓ శుక్రవారం మధ్యాహ్నం, ఈ అరబ్బు దేశంలో, అబ్బాసియా బస్టాపులో నా పక్కన కూర్చుని ఒకామె చికెన్ బిర్యానీ తింటోంది. నాలాగే ఇళ్లలో పనిచేసే మనిషి. మాట గుంటూరుది. బిర్యానీతో వచ్చిన పెరుగు కప్పు తీసి నా చేతిలో పెట్టింది.

"పెరుగు పడదా అక్కా?"

"పనిచేసే ఇంట్లో మామాతో అలాగే చెప్తాను." ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తాం.

నా మెడలో సిలువ చూసి గొంతు తగ్గించింది. "మా ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లం యూదులం అమ్మాయ్. మాంసంతో పాలూ పెరుగూ కలపం. మేకపిల్లను తల్లిపాలలో వండొద్దని మీ బైబిల్లోనూ ఉందిగా."

ఉంది. చిన్నప్పుడే చదివాను. అది కంచం దాకా వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఇక్కడెవరికీ చెప్పకేం," అని బస్సెక్కేసింది.

సెలవు రోజైన శుక్రవారాలు మనవాళ్లు నలుగురూ చేరే మా గదిలో వంట నాదే. ఎవరైనా పెరుగు పడదంటే, ఎందుకని అడగను.