పరగడుపున పిలిచిన ధర్నా

ఒక్క మాటతో ఊళ్ళకు ఊళ్ళను పస్తుంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే. ఎందుకైనా మంచిది, ఏదైనా తిని వచ్చి చదవండి.

అప్పుడు నేను జహీరాబాద్ సర్కారు దవాఖానలో కాంట్రాక్టు ఫార్మసిస్టుని. మందుల కిటికీ దగ్గర జనం నన్ను 'గోలీల మేడమ్' అనేవారు. ఆ పిలుపు వినపడిందా, నేను జానెడు పొడుగయ్యేదాన్ని. ఉద్యోగం మాత్రం మూడు నెలలకోసారి పొడిగించే ముచ్చట. ఈసారి మమ్మల్ని పెట్టుకున్న ఏజెన్సీ మాలో సగం మందిని తీసేస్తానంది. అందరిలోకీ కొత్తదాన్ని నేనే, మొదటి వేటు ఎవరి మీదో చెప్పక్కర్లేదుగా!

మా యూనియన్ పెద్ద ప్రభుదాస్ సార్ సమ్మె మాటే ఎత్తనివ్వలేదు. "మనం కిటికీ మూస్తె బీపీ గోలీలు ఎవరిస్తరమ్మా? సోమవారం ఏజెన్సీ మేనేజర్ మాట్లాడనీకి వస్తుండు. ఆ పొద్దు జనం గేటు కాడ నిలవడితె చాలు" అన్నారు.

"పిలిచే పని నాది సార్!" అన్నాను. ఎవరైనా అడిగారా? లేదు. నా నోటి మీద నాకంత నమ్మకం.

వచ్చినవాళ్ళకల్లా గోలీలతో పాటు పిలుపు కూడా ఇచ్చాను. "ఇది తిన్నాక, ఇది పడుకునేముందు, సోమవారం పొద్దున గేటు దగ్గరికి." న్యాల్‌కల్ నుంచి వచ్చే శరణమ్మ అవ్వ కొంగుకు గోలీలు ముడేసుకుంటూ అడిగింది. "సోమవారం తిని రావాల్నా బిడ్డా, తినకుంట రావాల్నా?"

సరిగ్గా అప్పుడే నా చేతిలో వెనకామె థైరాయిడ్ మాత్రలున్నాయి. రోజుకు వందసార్లు తిరిగే నాలుక కదా, తనంతట తానే తిరిగింది. "పరగడుపున!"

అదీ మామూలుగా కాదు, వరుస చివరిదాకా వినపడేట్టు. రాయికోడ్ వాళ్ళు విన్నారు, మొగుడంపల్లి వాళ్ళు విన్నారు. విననిదాన్ని నేనొక్కదాన్నే.

సోమవారం గేటు ముందు ఇసుకేస్తే రాలనంత జనం! నా ఛాతీ గేటంత వెడల్పయింది. చాయ్ కెటిల్ పట్టుకుని బయల్దేరాను.

"వద్దు మేడమ్."

"మంచినీళ్ళైనా?"

"ఏం వద్దు."

అందరూ ముఖాలు మాడ్చుకుని నేలమీద కూర్చున్నారు. పైనుంచి మేనేజర్ కిటికీలోంచి తొంగి చూసి చెమట తుడుచుకున్నాడు. ప్రభుదాస్ సార్ ఉరుక్కుంటూ వచ్చారు. "ఏందమ్మా ఇది? నాకొక్క మాట చెప్పకుంట నిరాహార దీక్ష పెట్టించినవా?"

"నేనా సార్? నాకేం తెలుసు!"

"నువ్వే గద బిడ్డా పరగడుపున రమ్మన్నవ్! నిన్న రాత్రి తిన్నదే" అంది శరణమ్మ అవ్వ. ఆమె చెయ్యి వణుకుతోంది.

నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఆమెకు షుగర్. ఆ గుంపులో సగం మంది చక్కెర లెక్క నాకు నోటికొచ్చు! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు జారితే ఊరంతా పస్తు.

సార్ నా చెవిలో అన్నారు. "జర ఆగు. మేనేజర్ భయపడ్డడు, మనల్ని ఉంచే కాగితం మీద సంతకం పెట్టేతట్టున్నడు."

"సంతకం గంగలో కలవనీ సార్, అవ్వ పడిపోతుంది!" అని ధర్నాకు పెట్టిన మైకు లాక్కున్నాను. "అందరూ తినండి! తప్పు నాది! ఇది దీక్ష కాదు, నేను నోరు జారాను!"

పైన కిటికీ భళ్ళున తెరుచుకుంది. మేనేజర్ మొహంలో నవ్వు. అయిపోయింది, నా ఉద్యోగం నా చేత్తోనే తీసేసుకున్నాను అనుకున్నాను.

జనం గొల్లున నవ్వారు. నవ్వి, శరణమ్మ అవ్వ అడిగింది. "మరి మీ సంతకం అయ్యిందా?"

"కాలేదు అవ్వా."

"అయితె తినం."

"అవ్వా! నీకు షుగర్!"

"షుగర్ లేనోళ్ళు తినరు. మేం తిని, వాళ్ళ దిక్కు కొట్లాడుతం. ఏందిరో, అంతేనా?"

"అంతే!" అని గేటు దద్దరిల్లింది. ఇంతసేపూ లేని దీక్ష అప్పుడు మొదలైంది! షుగర్ వాళ్ళకు బిస్కెట్లు పంచుతూ ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. వీళ్ళు నా జనం అని ఆ రోజు అనుకున్నంత గర్వంగా మళ్ళీ ఎన్నడూ అనుకోలేదు.

పైకి పరుగెత్తాను. "సార్, మీకు దండం పెడతా, సంతకం పెట్టండి. కింద వాళ్ళు నా మాట కూడా వినడం లేదు!"

పెట్టాడు. ఎవరినీ తీసెయ్యకుండా, ఏడాదికి.

కిందికొచ్చి చెప్పగానే ఈలలు. ఆ గోలలోనే శరణమ్మ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఏడు గూడ వస్తం గని బిడ్డా, ఈసారి దినానికి రెండుసార్లు తినేటట్టు రాసియ్యి!"

అందుకే దవాఖానలోని గోలీలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ధర్నాకు ఎవరిని పిలిచినా, ముందు కడుపునిండా తినమంటాను. తిన్న రెండు గంటలకు రమ్మంటాను.