బావ కారు చప్పుడు

మొన్న మా మనుమడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో తెల్లదొర తన ఇంటి షెడ్డులో, అద్దంలాంటి నేల మీద పడుకొని, మెరిసే పానాలతో స్పోర్ట్స్ కారు ఇంజను దించుతున్నాడు. వెనకనుంచి పాట కూడా వస్తోంది. "తాతా, నీకొస్తదా గిట్ల?" అని వాడడిగితే నవ్వి ఊరుకున్నాను గానీ, అప్పటినుంచి మా అక్క ఇంటి ముందరి అర్ర, అదే ముందు గది, నా కళ్ళముందునుంచి పోవడం లేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెలంగాణ వచ్చిన కొత్తలో జడ్చర్ల చుట్టూ రోడ్డు పక్క చేన్లన్నీ ప్లాట్లయిపోయాయి. ఆ సందడిలో మా బావ, అంటే అక్క పెనిమిటి, పట్నంలో ఎవరి దగ్గరో ఒక ఎర్రటి పాత కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, ఇంజను వాటి వెనకాల, నేలను రాసుకుంటూ పోయే బండి. కందిచేనుకు కూడా అందులోనే పోయేవాడు మహానుభావుడు! మన గతుకులకు అది ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆరు నెలలు తిరక్కుండానే ఇంజనులో టక్ టక్ మని దెబ్బ మొదలైంది. నేను బస్సు డిపోలో మెకానిక్‌ని కదా, వినగానే లోపల బేరింగులు పోయాయని తెలిసింది. ఇంజను మొత్తం దించితే తప్ప కుదరదు. వచ్చే ఆదివారం చేద్దాం బావా, అన్నాను. అట్లా ఎన్ని ఆదివారాలు గడిపానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అక్కకు మాత్రం ఆ దెబ్బ అలవాటైపోయి, మధ్యాహ్నం ఊరి మొదట్లో టక్ టక్ వినబడగానే పీట వేసి పళ్ళెంలో అన్నం పెట్టేది.

ఒకరోజు ఆ అన్నం అట్లాగే ఉండిపోయింది. బావ చేనుగట్టున కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాం. మోదుగాకు విస్తట్లో ఆయనకిష్టమైన కోడికూర, పక్కన కల్లు పెట్టి అందరం దూరంగా జరిగి నిలబడితే, కరెంటు తీగ మీద వరసగా కాకులు కూర్చునే ఉన్నాయి, ఒక్కటీ దిగదు. పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటారు గదా. బావ వాళ్ళ చిన్నాయన ముందుకొచ్చి, అక్కను బాగా చూసుకుంటామని మాటిచ్చాడు. ఇంకొకరు బోరు వేయిస్తామన్నారు. ఎండ నెత్తిమీదికొచ్చింది. అందరి చూపులూ నామీదే ఉన్నట్టు నాకే అనిపించి, చేతులు జోడించి, "బావా, నీ కారు నేనే జేస్త, ఫికర్ జెయ్యకు" అన్నాను. మాట పూర్తయిందో లేదో, ఒక కాకి నేరుగా విస్తట్లో వాలింది. అందరూ అమ్మయ్య అన్నారు.

మాటిచ్చాక తప్పుతుందా? డిపోలో సెలవు పెట్టి అక్క ఇంటికి పోయాను. బోర్లలోంచి మోటార్లు తీసే దోస్తు ఒకడు మూడు ఇనుప కాళ్ళ స్టాండు, గొలుసు పుల్లీ తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఎండిపోయిన బోరు ముందర చేసినట్టే కొక్కేనికి పసుపు రాసి, నిమ్మకాయ కట్టి దండం పెట్టాడు. ఆ కారు ఇంజను పైకి రాదు, కిందినుంచే తియ్యాలి. అందుకని ఇంజనును మొద్దు మీద ఆనించి, బోల్టులన్నీ విప్పి, కారు వెనకభాగాన్నే గొలుసుతో లేపి, ఇంజనును పలక మీద కిందినుంచి లాగాం. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. వాకిట్లో దుమ్ము, కోళ్ళు, పైన మబ్బు. ఇంజనును ముందరి అర్రలో గట్టిగా ఉన్న జాగా చూసి దించి, దండెం మీది తెల్లధోవతి కప్పాను. అక్క అక్కడున్న దీపం తీసి గూట్లో పెట్టింది. అప్పుడు గుర్తుకొచ్చింది, పోయిననాడు బావను పడుకోబెట్టిన జాగా అదే, నేను కప్పింది ఆయన ధోవతే. తీసి వేరేచోట పెడదామంటే అక్క వద్దని చెయ్యి అడ్డంపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నాం. అర్రలోంచి వినబడింది. టక్. టక్. పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు, ఆ ఇంజను ఏ తీగకూ అంటుకొని లేదు. అక్క లేచి పీట వేసింది.

పైకప్పు రేకుల వేడికి ఇనుము అట్లా చప్పుడు చేస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ పక్కనే పెట్టిన నా జాకీ ఏ చప్పుడూ చెయ్యలేదు. ఆ చప్పుడు రోజూ అదే వేళకు వచ్చేది. నిజం చెబుతున్నాను, భయమేసింది, భయం కంటే ఎక్కువ పశ్చాత్తాపం. నా బద్ధకం వల్లే ఆ మనిషి పోలేక అక్కడే తచ్చాడుతున్నాడనుకున్నాను. ఈ పని అయితేగానీ బావకు విడుదల లేదని, పట్నం పాత సామాన్ల బజారంతా తిరిగి సరిపోయే బేరింగులు పట్టుకున్నాను, క్రాంకు ఇరుసును సానపట్టించాను, అతుకుల్లో వేసే గాస్కెట్లు అట్టతో నేనే కత్తిరించాను. అప్పుడప్పుడు పోతూ వస్తూ నాలుగు నెలలు పట్టింది.

బిగించిన రోజున తాళంచెవి అక్క చేతికిచ్చి సీట్లో కూర్చోబెట్టాను. మూడోసారికి అంటుకుంది. తుమ్మెద ఝుమ్మన్నట్టు సన్నటి మోత, ఎక్కడా దెబ్బ లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయి అక్క ముఖం చూద్దును గదా, ఆమె చెవి రిక్కించి వింటోంది. చాలాసేపు విన్నది. బండి ఆపి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"మంచిగనే జేసినవ్ తమ్మీ. గని ఆయన సప్పుడు లేదురా దీంట్ల. రోజు బువ్వకొస్తుండె, ఇగ రాడు."

అనుకున్నట్టే ఆ మధ్యాహ్నం ఏమీ వినబడలేదు. అక్క పీట వెయ్యలేదు. ఆయన పోయిననాడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది, నేను వాకిట్లో నిలబడిపోయాను.

ఇప్పుడు ఇళ్ళముందర ఇంజన్లు దించేవాళ్ళు ఎవరున్నారు? ఫోను చేస్తే లారీ వచ్చి బండిని ఎత్తుకుపోతుంది, రిపేరై మళ్ళీ కొత్తదానిలా వస్తుంది. ఈ మధ్య కరెంటు కార్లు వచ్చాక, ఇంటిమనిషి వాకిట్లోకి వచ్చినా లోపలివాళ్ళకు తెలియడం లేదు. అక్క పోయి రెండేళ్ళయింది. డిపోలో నలభై ఏళ్ళు ఎన్ని బండ్ల దెబ్బలు మాన్పానో లెక్కలేదు, అందుకు గర్వపడతాను కూడా. ఆ ఒక్కదాన్ని మాత్రం మాన్పకుండా వదిలేసి ఉండాల్సింది.