మండని పక్క

ఐరాలలో ఎవరికి తలనొప్పి వచ్చినా జ్ఞానాంబ ఇంటికి పోయేవారు. ఆమె సానరాయి మీద శొంఠి కొమ్మును నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని నుదుటికి పట్టు వేసేది. మండితే పని చేస్తున్నట్టు. ఎండి రాలితే నొప్పి పోయినట్టు. కడుపుబ్బరానికి వాము, ఉప్పు. అజీర్తికి జీలకర్ర కషాయం. తలనొప్పితో వచ్చినవాళ్లకు వాంతి అయితే ఆమెకు ధైర్యం. పైత్యం పడిపోయిందనేది.

ఈ మామిడి కాపులో ఆమె మొగుడు మునికృష్ణకు తలనొప్పి మొదలైంది. అతనిది బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో పని. పొద్దున లేస్తూనే నొప్పి. వెంటనే వాంతి. ఆ తరువాత కాస్త తేలిక. పట్టు వేయించుకుని, అది ఎండినాక కడుక్కుని బస్సెక్కేవాడు.

"ఆస్పత్రిలో సూపిస్తే పోదా అక్కా?" అంది ఎదురింటి చంద్రకాంతమ్మ, వాము నములుతూ.

"పైత్యం పడిపోతానే ఉండాది కదా. ఇంకేం సూపించేది?"

"ఈమె మొగుడే ఆస్పత్రికి పోతే, మీరంతా ఈడికి ఎందుకొస్తారు?" అని గడపలో కూర్చున్న మునికృష్ణ నవ్వాడు.

జ్ఞానాంబ నవ్వలేదు. ఆ మాట ఆమె అంతకు ముందే అనుకుంది.

కాపు అయిపోవచ్చింది. వాంతులు ఆగలేదు. ఆమె అతనికి కాచే జీలకర్ర కషాయంలో ధనియాలు కూడా వేసింది.

ఒక ఆదివారం అతను పట్టు వేయించుకుని చాప మీద పడుకున్నాడు.

"మే, ఎడమ పక్క మండలేదే."

"శొంఠి పుచ్చినట్టుండాది."

కొత్త కొమ్ము తీసి అరగదీసింది. ఈసారి చిక్కగా పూసింది.

"కుడి పక్క నిప్పు మాదిరి ఉండాది. ఎడమ పక్క ఏమీ లేదు. అంగడాయన నిన్ను బాగా మోసం చేసినాడు పో."

రాయి మీద మిగిలిన గంధాన్ని ఆమె వేలితో తీసుకుంది. తన నుదుటికి రాసుకుంది. కుడి పక్క. ఎడమ పక్క. కాసేపు అట్లాగే నిలబడింది.

రెండు పక్కలా మండింది.

"లే మామా. చిత్తూరు ఆస్పత్రికి పోదాం."

"తలనొప్పికా? ఊరంతా నవ్వుతాది."

"నవ్వనీ."

బస్టాండు దాకా ఇద్దరూ నుదుట పట్టుతోనే నడిచారు. వీధిలో వాళ్లు చూశారు. ఎవరూ నవ్వలేదు. ఎండకు గంధం పెచ్చులుగా రాలుతోంది. ఒక పెచ్చు అతని ఎడమ కంట్లో పడింది.

అతను రెప్ప వేయలేదు.