ఇసుకలోకి దిగని నత్తలు

బిట్రగుంటలో రైలెక్కిన ఒకమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. ఒళ్లో రెండు గాజు డబ్బాలు, వాటిలో తడి ఇసుక, సముద్రపు నత్తలు. ఒక డబ్బాలో నత్తలన్నీ ఇసుకలోకి దూరిపోయాయి. రెండో దానిలోవి పైనే పడి ఉన్నాయి. ముసలితనంలో చదువు నేర్చినదాన్ని, కనిపించిన అక్షరమల్లా కూడబలుక్కుంటాను. ఆ రెండో డబ్బా మీద మా ఊరి పేరుంది.

“ఏంది పాపా, మా ఊరి నత్తలకు అంత బద్ధకమా?”

ఆమె నవ్వింది. “బద్ధకం కాదమ్మా. నీళ్లలో మందులు కలిస్తే వాటికి ఇసుక తవ్వే సత్తువ పోతాది. ఇవి రొయ్యల గుంటల కాలవ దగ్గర ఏరినవి. పరీక్షకు తీసుకుపోతా ఉండా.”

నా కాళ్ల దగ్గర సంచిలో ఆల్చిప్పలున్నాయి. కడుపుతో ఉన్న కూతురు నోరు తెరిచి అడిగిందని, పొద్దున ఆ కాలవ దగ్గరే ఏరాను. సంచి మూతి విప్పి చూపించాను.

“ఇవి కడుపుతో ఉన్న నా బిడ్డకు పెట్టొచ్చా?”

“పరీక్ష అయ్యేదాకా చెప్పలేనమ్మా.” సంచిలోకి తొంగి చూసి, “ఇప్పటికి పెట్టబాక” అంది.

సూళ్లూరుపేటలో కూతురి ఇంటికి అరటిపండ్లతో వెళ్లాను.

ఇప్పుడు ఆల్చిప్పలకు కాలవ దాటి చాలా దూరం నడుస్తాను. ముందు ఒక నత్తను తడి ఇసుక మీద పెట్టి, పక్కన కూర్చుంటాను. అది లోపలికి దిగాకే నేను ఇసుకలో చెయ్యి పెడతాను.