పామమ్మ ముఖం మీది పక్కు

సూర్యాపేట జిల్లా అయిన మరుసటి ఏడు, మృగశిర కార్తె మొదటి రోజున నన్ను వార్డు పని నుంచి తీసి మా డాక్టరు గారి వెంట తిరిగే డ్యూటీకి వేశారు. మా సారు ఎముకల డాక్టరు. సొంత దవాఖాన సూర్యాపేటలో. మంగళవారం కోదాడలో, శుక్రవారం మిర్యాలగూడలో వేరేవాళ్ల నర్సింగ్ హోముల్లో రోగులను చూసేవారు. నేను డ్రెస్సర్‌ని. దవాఖాన మెట్ల మీద ఈ పదవి వార్డు బాయ్ కంటే ఒక మెట్టు పైన, కాంపౌండర్ కంటే రెండు మెట్లు కింద, రోగి తిట్లకు మాత్రం అందరికంటే దగ్గర. పుండు కడగడం, కట్టు కట్టడం, విరిగిన ఎముకకు సారు సిమెంటు పట్టీ వేస్తుంటే చెయ్యి అందించడం, ఎముక అతికాక ఆ పట్టీ కోయడం నా పని. చదువు ఏడో తరగతి దాకా. ఆ పరీక్ష నన్ను చూసి భయపడుతుందేమోనని నేనే దాని జోలికి వెళ్లలేదు.

కొత్త డ్యూటీలో అసలు విశేషం మధ్యాహ్నం రెండు దాటాక ఉండేది. పొద్దుటి రోగులు వెళ్లిపోయి సాయంత్రం వాళ్లు వచ్చేలోపు రెండు గంటల ఖాళీ. సారు కారులోనే టిఫిన్ డబ్బా తినేసి, లోపలికొచ్చి, బ్యాగులోంచి ఒక చెక్క పెట్టె తీసేవారు. దాన్నిండా పాత రోము నాణేలు. ఒకవైపు రాజు తలకాయ, ఇంకోవైపు దేవుడు. సారు అందరు దేవుళ్లనూ చేరదీయరు. రోగాలు నయం చేసే దేవుళ్లు ఉన్న నాణేలే కొంటారు. వాళ్లకు సారు చెప్పే పేర్లు నా నోట్లో తిరిగేవి కావు, అందుకని నేనే పేర్లు పెట్టాను. పాము చుట్టుకున్న కర్ర పట్టుకొని నిలబడే పెద్దాయన కర్రసారు. గిన్నెతో పాముకు తాపే ఆడమనిషి పామమ్మ. తల మీదుగా గొంగడి కప్పుకున్నట్టు ఉండే పొట్టి దేవుడు గొంగడాయన. జబ్బు తగ్గాక మనిషి కోలుకునే రోజులకు ఈ మూడో ఆయన దేవుడట. రోముకు జ్వరమొస్తే చూసుకోవడానికి స్టాఫు బాగానే ఉందే సార్, డ్రెస్సర్ పోస్టు ఒక్కటే ఖాళీ అన్నాను. సారు నవ్వలేదు గానీ, మరుసటి వారం నాణేలకు అచ్చులు తీసే పని నాకు అప్పజెప్పారు.

అచ్చు తీయడం ఇట్లా. పిల్లలు ఆడుకునే మెత్తని రంగుమట్టిని పూరీలాగా చదును చేసి, పైన పౌడరు చల్లి, నాణేన్ని నిలువుగా అదిమి తీయాలి. ఆ గుంటలో పట్టీకి వాడే సుద్దపొడినే నీళ్లలో దోసెపిండిలా కలిపి పొయ్యాలి. అది వేడెక్కి, చల్లారి, గట్టిపడ్డాక మట్టి ఒలిస్తే తెల్లని దేవుడు బయటికొస్తాడు. ప్రతి అచ్చుకూ ఒక చీటీ: ఏ రాజు, ఏ దేవుడు, బరువెంత, ఎక్కడిది. సారు పెట్టిన నియమం ఒక్కటే, నాణేన్ని కడగకూడదు. “నలుపు దాని తోలు, లచ్చూ. తోలొలిస్తే మనిషి మిగులుతడా?” అనేవారు.

సారు భార్య పోయి అప్పటికి చాలా ఏళ్లు. నాకు కిరాయి గది, ఒక రేడియో. అది బాగానే మాట్లాడేది గానీ నేను అడిగినదానికి ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. ఈ సంగతులు మేమిద్దరం ఎప్పుడూ ఎత్తుకోలేదు. ఆయన నాణేల గురించి చెప్పేవారు, నేను జోకులేసేవాణ్ని. వారంలో నాతో ఒకరు కూర్చొని మాట్లాడేది ఆ రెండు మధ్యాహ్నాలే.

ఆ వానకాలం ఒక శుక్రవారం మిర్యాలగూడకు త్రిపురారం పక్క తండా నుంచి కేస్లి అనే ముసలామె వచ్చింది. కాలువ కట్ట మీద జారి పడితే కుడి మణికట్టు విరిగింది. ఒంటరి మనిషి. నాదీ తండానే కాబట్టి యాడీ, అంటే అమ్మా అని పిలిచి, మా లంబాడీ మాటలోనే పలకరించి పట్టీ వేయించాను. చెయ్యి వేలాడేసుకునే జోలె మెడకు కడుతుంటే, నల్లదారానికి గుచ్చిన ఒక వెండి బిళ్ల చేతికి తగిలింది. తిప్పి చూశాను. గిన్నె, పాము, పొడుగు బట్టలో ఆడమనిషి. సారు చేతిలో పెన్ను ఆగిపోయింది.

పక్కకు పిలిచి, ధర మాట ఎత్తొద్దన్నారు. రోగి మెడలో ఉన్నది డాక్టరు కొనకూడదట. అచ్చు తీసుకోనిస్తుందేమో అడుగు చాలు, ఈ నేల మీద, మనవాళ్ల మెడలో బతికిన పామమ్మను ఇప్పుడే చూస్తున్నా అన్నారు.

అడిగాను. ఆమె నన్నూ సారునూ మార్చి మార్చి చూసి, సారుకూ తెలిసేలా తెలుగులోనే అడిగింది. “మా అమ్మమ్మ మెడల ఉండె ఇది. జరమొస్తే నీళ్లల్ల ముంచి తాపేది. మీ సారుకేం రోగమొచ్చిందిరా?”

“చెప్పుకోలేని రోగం యాడీ. ఒక్కడే పెట్టె దిక్కు సూసుకుంట కూసుంటడు.”

“గా రోగం నాకు గూడ ఉన్నది. నాకేం పెట్టె లేదు, గంతే.”

సారు ఫక్కున నవ్వారు. జోలె దారం మీద ఒరుసుకుంటుండడంతో ఆమె బిళ్లను ఎట్లాగూ తియ్యాల్సి వచ్చింది. “పట్టీ కోసే దినానికి నాది నా చేతుల పెట్టాలె, సూడు” అని నా అరచేతిలో పెట్టి వెళ్లింది. ఆరు వారాల గడువు.

అదే మధ్యాహ్నం అచ్చు తీశాను. పాము బాగా వచ్చింది, గిన్నె వచ్చింది. ముఖం మాత్రం రాలేదు. తల మీద పచ్చగా, గరుకుగా ఒక పొర పేరుకుని ఉంది. సారు భూతద్దంలో చూసి, ఇంతే చాలు, దాన్ని ముట్టకు అన్నారు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆరో వారం మంగళవారం కోదాడలో సారు ఆపరేషన్‌లో ఉన్నారు. నేను అచ్చులు బల్ల మీద సర్దుకుంటుంటే అక్కడి కాంపౌండరు వచ్చి నిలబడ్డాడు. “ఏమండీ లచ్చు గారూ, దేవతకి మొహం పెట్టడం మర్చిపోయారా? చేసింది మీరేనని ఇట్టే తెలిసిపోతుందండీ” అని నవ్వుకుంటూ పోయాడు. పరిహాసం నా సొత్తు, ఇంకొకడు వాడితే పడదు. బిళ్ల తీసి చూశాను. ఆ పచ్చ నా కంటికి అచ్చం పుండు మీది చెడ్డ పక్కులాగే కనిపించింది. మా పనిలో మొదటి పాఠం అదే: పక్కు కింద మురికి ఉంటే పుండు మానదు, ముందు దాన్ని లేపు. సారు బయటికొచ్చేసరికి ముఖంతో సహా పామమ్మను బల్ల మీద పెడదామనుకున్నాను.

పుండుకు ఎట్లా చేస్తానో అట్లాగే చేశాను. ఉప్పునీటిలో తడిపిన గాజుగుడ్డ కప్పి పది నిమిషాలు నానబెట్టాను. ఫోర్‌సెప్స్ మొనతో అంచు లేపాను. ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఇంత శుభ్రంగా వచ్చిన పక్కు నా సర్వీసులో లేదని మురిసి, తిప్పి చూశాను. పక్కు అడుగున వెండి. ఆ వెండిలో ముక్కు, నుదురు, కొప్పు గుంటలుగా ఉన్నాయి. బిళ్ల మీద తల ఉండాల్సిన చోట ఎర్రని నున్నని రాగి. ముక్కను గుడ్డలో చుట్టబోతే పొడి పొడి అయింది.

సారు రాగానే, పామమ్మ ముసుగేసుకుంది సార్ అన్నాను. ఆయన భూతద్దం తీసుకుని చాలాసేపు చూశారు. లోపల రాగి, పైన పలచని వెండి రేకు, లోపలి రాగి చిలుమెక్కి బయటికి పొంగి ఆ రేకును పట్టుకుని ఉందని అప్పుడు చెప్పారు.

“అది పుండు మీది పక్కు గాదు లచ్చూ. మిగిలిన చర్మమే అది.”

ముసలామె కళ్లకు శుక్లాలున్నాయి, కనపడదు సార్ అన్నాను.

“అయితే?” అన్నారు. అంతే. ఆ రోజు అచ్చు ఇంకొకటి తీయించి, చీటీ నాతోనే రాయించారు: ముఖం లేదు, ఊడదీసినవాడు లచ్చు, డ్రెస్సర్.

ఆ వారమే శుక్రవారం కేస్లి వచ్చింది. పట్టీ కోశాను. లోపలి చెయ్యి సన్నబడి, వేళ్లు బిర్రుగా ఉన్నాయి. బిళ్లను ఎడమ చేతిలో పెట్టాను. ఆమె కళ్లు దాని దిక్కే పోలేదు, బొటనవేలు పోయింది. ఆ వేలు ఒకచోట ఆగింది, మళ్లీ తడిమింది.

“మొకమేదిరా?”

నేనే గోకి ఊడగొట్టాను యాడీ అన్నాను. దారిపొడుగునా తయారు చేసుకున్న జోకు ఒకటుంది. అది నోటిదాకా రాలేదు.

“గా మొకం మీద ఏలు పెట్టుకొని కూసుంటే పక్కన మనిషున్నట్టు ఉండేది. ఇప్పుడు ఏడ పెట్టాలె?” అని అడిగింది. గుడ్డలో కట్టిన పొడి ఇచ్చాను. కొంగున కట్టుకుని, బిళ్లను మెడలో వేయించుకుని లేచి వెళ్లిపోయింది.

పట్టీ తీశాక వేళ్లకూ మణికట్టుకూ రోజూ కసరత్తు చేయించాలి. లేకపోతే అతికిన చెయ్యి కర్రలా బిగుసుకుపోతుంది. అది నేర్పి పంపడం డ్రెస్సర్ బాధ్యత. నేర్పావా అని సారు అడిగారు. లేదన్నాను. మళ్లీ శుక్రవారం కారు త్రిపురారం దారి పట్టింది. తండా మలుపులో ఆపి, దిగు అన్నారు.

నేను చుట్టిన బ్యాండేజీ ఒకటి కేస్లి కుడి చేతిలో పెట్టి, పిసుకు యాడీ అన్నాను. పిసికింది. వేళ్లు సగమే మూసుకున్నాయి. వరుసగా ఆరు శుక్రవారాలు వెళ్లాను. నాలుగో శుక్రవారం దాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ నవ్వించబోలేదు. లెక్కపెట్టి పిసికించి వచ్చేవాణ్ని. ఐదోనాడు పిడికిలి పూర్తిగా బిగిసింది. ఆరోనాడు నేను లేస్తుంటే ఆ కుడిచేతి బొటనవేలితోనే బిళ్లను పట్టుకుంది.

“ఇప్పుడు పాము మీద పెడుతున్న ఏలు” అంది. నేను వంగి చూడబోతే గుప్పిట మూసేసింది. “సూసింది సాలు. దీన్ని గూడ గోకుతవా?”

ఆ తర్వాత సారు నా ఎదుట పెట్టె తెరవలేదు. కోపం కాదు, అడిగిన పని చెప్పేవారు, జీతం పెంచారు కూడా. మధ్యాహ్నాలు మాత్రం ఆయన కారులో, నేను డ్రెస్సింగ్ గదిలో గడిపాం. ప్రాక్టీసు మానుకున్నప్పుడు నాణేలను ఒక మ్యూజియానికి ఇచ్చారు. సుద్ద అచ్చులు వాళ్లకు అక్కర్లేదట, అవి నాకు పంపారు. ఇప్పుడు కోదాడలో నా గదిలో, రేడియో పక్కన ఉన్నాయి. పామమ్మవి రెండు: ఒకదాంట్లో ముఖం పక్కు కింద ఉంది, రెండోదాంట్లో లేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. తడిగా, వాసనతో ఉన్న పక్కును లేపాలి. ఆరిపోయి, గట్టిగా, చుట్టూ ఎరుపు లేకుండా ఉన్నదాన్ని వదిలెయ్యాలి. ఏది ఏదో తేలకపోతే డాక్టరును పిలిచి, ఎందుకని అడగాలి. ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా అట్లాంటిది కనిపించిన ప్రతి కేసు షీటులో నేను ఒకే మాట రాశాను: ఆరిన పక్కు, ముట్టలేదు.